గోడ లోపలి ద్రాక్షతోట

మొన్న మా ఇంటికి ఒక ద్రాక్షారసం సీసా వచ్చింది. పూటకు గుప్పెడు మాత్రలు మింగే ముసలిదాని ఇంటికి రావలసిన వస్తువు కాదది. తెచ్చినాయన ఫ్రాన్సు దేశస్థుడు, నాకంటే పదిపదిహేనేళ్లు చిన్న. చిత్తూరికి దక్షిణాన, అరవదేశం సరిహద్దు దగ్గర మా పేట, నేను పుట్టిన చోటు. అక్కడ చర్చీ ధర్మాసుపత్రీ కట్టించిన ఫ్రెంచి ఫాదర్, మా పెద్దసామికి ఈయన తమ్ముడి మనవడట. సమాధి చూసిపోదామని వచ్చాడు. ఆ కాలం మనిషి ఎవరన్నా మిగిలి ఉంటే మాట్లాడాలని కూడా అడిగాడట. ఇప్పుడక్కడున్న చిన్న ఫాదర్‌కు నేను గుర్తొచ్చాను. ముందురోజు ఫోన్ చేసి, "అమ్మా, మీరు పెద్దసామిని చూసినారంట గదా" అన్నాడు. చూశాను నాయనా అన్నాను. ఎవరి కూతురిగా చూశానో ఆ పిల్లవాడికి తెలియదు, నేనూ చెప్పలేదు.

చిన్న ఫాదర్ ఫ్రాన్సులో చదివి వచ్చినవాడు, వాళ్ల భాష తెలుసు. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నాకు తెలిసిన పరాయి భాష అరవం ఒక్కటే. కాబట్టి ఆ పూట మా ఇద్దరి మధ్యా మాటలన్నీ చిన్న ఫాదర్ నోటి మీదుగానే నడిచాయి. ఫ్రాన్సాయన సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టగానే నేను దాని మీది కాగితం చూడలేదు. సీసాను దగ్గరికి లాక్కుని, కాస్త వంచి, అడుగు తడిమాను. బొటనవేలు సగం దిగేంత లోపలికి పోయిన బొడ్డు. ఆయన ఏదో అని నవ్వాడు. "సంగతి తెలిసినోళ్లే అట్ల పట్టుకుంటారంట అమ్మా" అన్నాడు చిన్న ఫాదర్. సంగతి నాకు బాగానే తెలుసు. తర్వాత కాగితం చూశాను. నడుమెత్తు రాతిగోడ, మధ్యలో ఇనుప గేటు, గోడ వెనక మెల్లగా మెరకకు లేచిన వాలు. నేను ఎప్పుడూ చూడని ఆ గోడను చిన్నప్పటి నుంచి ఎరుగుదును.

మా నాయన చిన్నప్ప ఆ చర్చిలో ఉపదేశి. ఉపదేశి అంటే సామి లేని పూట ప్రార్థన చెప్పించేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు, చావుకీ పెళ్లికీ ముందు నిలబడేవాడు, గంట కొట్టేవాడు, చర్చి ఊడ్చేవాడు కూడా. చర్చి పక్కనే మాకిచ్చిన పెంకుటిల్లు. తెల్లారి గంట కొట్టి నాయన నేరుగా బావికి పోయేవాడు. రెండు బిందెలు ఆయనవి, చిన్న చెంబు నాది. ఆ నీళ్లు మా ఇంటికి కాదు, సామి బంగళాలో ఉత్తరం వైపు గదికి. ఆ గదిలో నేల తవ్వి, ఏటి ఇసుక పోసి, అందులో పెద్దసామి తన ద్రాక్షారసం సీసాలు పడుకోబెట్టాడు. మా ఎండలకు అది చెడిపోతుందని ఆయన దిగులు. కుండ చల్లగా ఉండాలంటే మనం కింద తడి ఇసుక పోస్తాం కదా, అదే పద్ధతి చేద్దామన్నాడు నాయన. పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఇసుక తడపాలి. గది తలుపు తీస్తే తడి ఇసుక వాసన, పాత గోనెల వాసన, వాటి కింద తీపో పులుపో తేల్చుకోలేని ఇంకో వాసన. మా పేటలో అంత చల్లని చోటు ఇంకొకటి లేదు, వేసవిలో నేను ఏదో ఒక సాకుతో అక్కడే కూర్చునేదాన్ని.

పెద్దసామి తెలుగు ఎవరో మున్షీ దగ్గర పుస్తకంలోంచి నేర్చుకున్న తెలుగు. "చిన్నప్పా, ఇసుకను తడిపితివా?" అనేవాడు. "తడిపినాను సామీ" అనేవాడు నాయన. రోజూ ఇదే మాట, రోజూ ఇదే జవాబు. ఆ సీసాలు ఆయన సొంత ఊరివి. బర్గండీ అనే సీమలో ఒక కొండవాలు, ఆ వాలులో ఎప్పుడో సన్యాసులు కట్టిన గోడ, ఆ గోడ లోపల ఒకే ఒక తోట. గోడ లోపలి కాయతో చేసిన రసానికి ఒక పేరు. గోడ దాటి బండిబాట అవతల అదే రకం తీగ, అదే ఎండ, అయినా దాని పేరు వేరు, దాని గౌరవం వేరు. లోపల సున్నపురాయి కలిసిన నేల, వాలు తూర్పుకు తిరిగి ఉంటుంది, పొద్దుటి ఎండ ముందు అక్కడే పడుతుంది. అంత తోటనూ అన్నదమ్ములు పంచుకొని పంచుకొని, ఒక్కొక్క ఇంటికి కొన్ని సాళ్లు మిగిలాయి. పెద్దసామి వాళ్లింటికీ కొన్ని సాళ్లు. వాటి రసం ఏడాదికొక పెట్టె పాండిచ్చేరి మీదుగా మా పేటకు వచ్చేది. మామూలు పూజకు పాండిచ్చేరి ద్రాక్షారసమే. ఇది మాత్రం పెద్ద పండగలకు, ఆదివారం ఆయన భోజనానికి.

ఈ కథంతా నాయనకు నచ్చడానికి కారణం ఉంది. ఆయన చెరుకు రైతుల మధ్య పెరిగినవాడు. "మన సెరుకు కూడా అంతే సామీ. గెనిమ గట్టుకు ఈ పక్క సేలో బెల్లం తేనె మాదిరి ఉంటాది, ఆ పక్క సేలో వండితే ఉప్పగా ఉంటాది. ఒకే సెరుకు, ఒకే బాయి నీళ్లు" అన్నాడట. "నీవు గ్రహించితివి" అని పెద్దసామి ఆయన భుజం తట్టాడట. ఈ ముక్క నాయన మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా భుజం తడుముకునేవాడు. ఆ రోజునుంచి సాయంత్రాలు పెద్దసామి పడక్కుర్చీలో కూర్చుని వాళ్ల ఊరు చెప్పడం, నాయన మెట్టు మీద కూర్చుని వినడం అలవాటైపోయింది. చిగురు వేసే కాలంలో మంచు గడ్డకడితే సాళ్ల మధ్య మంటలు వేస్తారని, కోతలకు పక్క ఊళ్లనుంచి ఆడామగా వచ్చి వీపుకు బుట్టలు కట్టుకుంటారని, వయసు ముదిరిన తీగే మంచి కాయ ఇస్తుందని. అరక్కోణం దాటి ఎరగని మనిషి ఆ తోటలో ఏ మూల రాయి ఎక్కువో చెప్పగలిగేవాడు.

ఇక వేదపాఠం సంగతి. సువార్తలో ద్రాక్షతోట లేని పుట తక్కువ. మా పేటలో ద్రాక్షతీగ చూసినవాడు ఒక్కడూ లేడు. పాత ఉపదేశి ఆ చోట్ల గబగబా చదివి దాటేసేవాడట. నాయన అట్లా కాదు. ద్రాక్షతోట అని వస్తే చాలు, చదవడం ఆపి గోడ కట్టడం మొదలుపెట్టేవాడు. తూర్పు వాలు, తెల్లరాయి, ఇనుప గేటు, వీపు బుట్టలు. వినీ వినీ మా వాళ్లకు మోక్షమంటే అదేనని స్థిరపడిపోయింది. ఎవరన్నా పోతే, "గోడ లోపలికి పాయ" అనేవాళ్లు. ముసలి సవరమ్మ అనే ఆవిడ మంచాన పడి, ప్రార్థన చెప్పడానికి వచ్చిన నాయనను పట్టుకుని అడిగింది, "ఉపదేశీ, ఆ తోటలో నీడుంటాదా?" అని. జీవితమంతా ఎండలో కలుపు తీసిన మనిషి. "పందిరి కింద సల్లంగా ఉంటాది అవ్వా" అన్నాడు నాయన. "అయితే పోతాలే" అందావిడ. పెద్దసామికి ఇది చెబితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు గాని, తమ ఊళ్లో ద్రాక్షకు పందిరి ఉండదని దిద్దలేదు.

అంత చెప్పిన మనిషి ఆ రసం ఒక్క చుక్క ఎరగడు. ఆ రోజుల్లో పూజలో ద్రాక్షారసం తాగేది సామి ఒక్కడే, మాబోటివాళ్లకు నాలుక మీద రొట్టె మాత్రం. నాయన పని పూజకు ముందు సీసాలోంచి చిన్న గాజు గిండిలోకి వంచడం. ఒకసారి చుక్క బొటనవేలి మీద పడితే గోడకు తుడిచాడు. అమ్మ చూసి, "నాక్కుంటే నరకానికి పోతావా?" అంది. "అది మనది కాదు జ్ఞానా" అన్నాడు. గోడ మీద ఆ మచ్చ ఊదారంగుకు తిరిగి చాలా కాలం ఉండింది. అమ్మకు ఆ తోట మీద మోజు లేదు, ఖాళీ సీసాల మీద ఉంది. అంత మందం గాజు అంగట్లో దొరకదు. కడిగి, ఎండబెట్టి, ఒకదాంట్లో నువ్వులనూనె, ఒకదాంట్లో ఆముదం, ఒకదాంట్లో తేనె పోసి వరసగా పెట్టుకునేది. ఎన్నిసార్లు కడిగినా మా ఊరగాయలో ఆ గది వాసన ఒక పిసరు తగిలేది. ఇరుగుపొరుగువాళ్లు బొడ్డుసీసా అని అడిగి తీసుకుపోయేవాళ్లు.

యుద్ధం వచ్చి పెట్టె రావడం ఆగిపోయింది. పెద్దసామి ఆదివారం గ్లాసు మానుకున్నాడు, పండగలకు కూడా పాండిచ్చేరి రసమే వాడాడు. యుద్ధం అయిపోయేసరికి ఇసుకలో వేళ్ల మీద లెక్కపెట్టగల సీసాలు మిగిలాయి. ఇంతలో మా జిల్లాలో మద్యనిషేధం మళ్లీ పెట్టారు. కల్లు గీసేవాళ్లు మోకు చుట్టి అటక మీద పారేశారు. చర్చికి మాత్రం పూజ కోసం ద్రాక్షారసం ఉంచుకోవడానికి పర్మిట్ ఉండేది, అది పూజకు తప్ప గడప దాటకూడదు. పెద్దసామి మనసంతా అప్పుడు ఆసుపత్రి మీద ఉంది. దానికి కావలసిన చర్చి వెనక మెట్టభూమి మిట్టదారుది. మిట్టదారంటే మా వైపు చిన్న జమీందారు. ఇస్తానంటాడు, ఇవ్వడు. ఆయన ఒకసారి మాటల్లో, మీ దేశపు ద్రాక్షారసం రుచి ఎట్లుంటాదో సూడల్లని ఉండాది సామీ, అన్నాడట.

మామిడి పూత మీద ఉన్న రోజులు. నేను చెంబుతో ఇసుక గదిలో ఉండగానే పెద్దసామి వచ్చి, తన చేత్తోనే ఇసుక తవ్వి ఒక సీసా తీశాడు. "చిన్నప్పా, దీనిని మిట్టదారునకు ఇచ్చి రమ్ము. మార్గమున ఎవరికిని చూపకుము" అన్నాడు. నాయన మొదటిసారి ఎదురు చెప్పడం విన్నాను. "పూజది గదా సామీ, బయటికి పోగూడదు గదా" అన్నాడు. "ఆసుపత్రియు దేవుని పనియే" అన్నాడు పెద్దసామి. తడిగుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టి, పైన మునక్కాయలు పరిచి బయలుదేరాం. బిడ్డ వెంట ఉంటే ఎవరూ అనుమానపడరని నన్నూ తీసుకుపోయాడు. మిట్టదారు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది సారాయి గాదు గదా ఉపదేశీ?" అన్నాడు నవ్వుతూ. నాయన నవ్వలేదు. నాకు మాత్రం ఆ ఇంట్లో బెల్లం అచ్చు ముక్క ఇచ్చారు, దారంతా చప్పరిస్తూ వచ్చాను.

మిట్టదారుకు దాయాదులతో వ్యాజ్యం ఉంది. ఆయన నలుగురిలో సీసా చూపించి గొప్పలు పోయాడు, దాయాదులు పోయి చెప్పారు, మద్యనిషేధం పోలీసులు వచ్చి సోదా చేశారు. సగం తాగిన సీసా దొరికింది. ఉపదేశి తెచ్చి ఇచ్చినాడు అన్నాడు మిట్టదారు. కబురు మా పేటకు వచ్చిన మధ్యాహ్నం పెద్దసామి నాయనను ఇసుక గదికి పిలిచాడు. నేను తలుపు దగ్గర చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆ గదిలో నన్ను ఎవరూ మనిషి కింద లెక్కవేసేవాళ్లు కాదు. "నేను ఇచ్చితినని చెప్పిన యెడల పర్మిట్టు పోవును, నన్ను ఈ దేశమునుండి పంపివేయుదురు, ఆసుపత్రి నిలిచిపోవును. నీవు కొద్దికాలము ఓర్చుకొనుము. వానలు పడిన పిమ్మట ఒక ఆదివారమున అందరి ఎదుట నిజము చెప్పెదను. నిన్ను మరల పిలిపించెదను" అన్నాడు. నాయన కాస్సేపు ఇసుక వైపు చూశాడు. "మీ మాట సాలు సామీ" అన్నాడు. తర్వాత, అలవాటుగా, బిందెలో మిగిలిన నీళ్లు ఇసుక మీద చల్లి బయటికి వచ్చాడు.

మర్నాడు ఇనస్పెక్టరు వచ్చాడు. ముందు మా వంటింట్లో దూరి అమ్మ నూనె సీసాలన్నీ ఎత్తుకొచ్చి సామి బంగళా వసారాలో వరసగా పెట్టించాడు. అన్నిటికీ ఒకే బొడ్డు, మిట్టదారు ఇంట్లో దొరికినదానికీ అదే బొడ్డు. పేట అంతా చూస్తోంది. "మీరు ఇచ్చి పంపినారా ఫాదర్?" అని అడిగాడు. పెద్దసామి నిటారుగా నిలబడి, పాఠం చెప్పినంత స్పష్టంగా అన్నాడు, "పూజకు ఉంచిన ద్రాక్షారసమును బయటివారికి ఇచ్చుట మా నియమము కాదు." "అంటే ఈ మనిషే తెచ్చినాడంటారా?" "ఆ సంగతి అతనినే అడుగుము." ఇనస్పెక్టరు తిరిగాడు. "నేనే తీసకపోయి ఇచ్చినాను" అన్నాడు నాయన. ఇద్దరు చెప్పినదాంట్లోనూ అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు. నేను గుంపులోంచి ముందుకు పోయి, "పెద్దసామే ఇమ్మన్నాడు, నేనూ ఆడే ఉండా" అన్నాను. నాయన నా చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగి నా మీద ఆయన చెయ్యి పడింది ఆ ఒక్కసారే. దెబ్బ కాదు నన్ను ఏడిపించింది. నేను నిజం చెబుతున్నానని ఆయనకు తెలుసు, అయినా నా పక్క నిలబడలేదు. పెద్దసామి నా వైపు చూసి, తల తిప్పుకుని లోపలికి పోయాడు.

నాయనను బస్సులో చిత్తూరు తీసుకుపోయారు. కోర్టు, కొన్నాళ్లు జైలు. తిరిగి వచ్చేసరికి ఆయన పేరు సారాయి ఉపదేశి అయింది. పసిపిల్లలు కూడా అనేవాళ్లు, ఆయన చేతి మీదుగా జపాలు నేర్చుకున్న పిల్లలే. ఇల్లు కొత్త ఉపదేశికి కావాలి కాబట్టి ఖాళీ చేయమన్నారు. మేము సామాను బండికెత్తే రోజు పెద్దసామి వసారాలోకి వచ్చి గాలిలో సిలువ గీసి ఆశీర్వదించాడు. నాయన మోకరించాడు. అమ్మ మోకరించలేదు. "కంచే సేను మేసినాక ఇంకేం ఆశీర్వాదం" అని బండెక్కి కూర్చుంది. పోలీసులు పట్టుకుపోయిన సీసాలు పట్టుకుపోగా ఒకటి మాత్రం మిగిలింది, పొరుగింటామె ఆముదానికని తీసుకుపోయి ఉండటంతో. దాన్ని బండి కదిలాక పరుగెత్తుకొచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని పారేస్తుందనుకున్నాను. కొంగులో చుట్టి పెట్టుకుంది.

తిరుపతిలో ఎవరో ఎరిగినవాళ్లు అలిపిరి దారిలో ఒక పెద్దమనిషి పూలతోటలో నాయనకు పని ఇప్పించారు. బావిలోంచి తోడి మల్లెకూ కనకాంబరానికీ నీళ్లు పెట్టడం. కొండమీది దేవుడికి పోయే పూలకు నీళ్లు పోసి, ఆదివారం చర్చికి పోయి చివరి వరసలో కూర్చునేవాడు. వాన మొదటి జల్లు పడ్డ రోజు ఆయన ముఖం చూడాలి. తోటలో నేల వాసన లేవగానే నా వైపు తిరిగి, "ఇంక పిలుస్తాడు పాపా" అన్నాడు. ఆ వానలు పోయాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మిట్టదారు భూమి ఇచ్చాడు, పునాది తీశారని తెలిసింది. ఇంకో వానాకాలం వచ్చింది. మా పేటనుంచి ఎవరు తిరుపతి వచ్చినా నాయన కాఫీ ఇప్పించి, ఊరి సంగతులన్నీ అడిగి, లేవబోతుండగా మెల్లగా అడిగేవాడు, "ఆదివారం పూజలో సామి ఏమన్నా సెప్పినాడా?" అని. "ఏం సెప్తాడు? మామూలే" అనేవాళ్లు. అమ్మ లోపలినుంచి గిన్నెలు గట్టిగా పెట్టేది. "నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనాయి. ఇంకా ఎవురి కోసరం ఎదురుసూస్తా ఉండావు?" అనేది. నాయన మల్లెలకు నీళ్లు పెట్టడానికి పోయేవాడు.

నాకు ఆ మనిషి మీద ఎంత కోపమో, నాయన మీద అంతకు రెండింతలు కోపం ఉండేది. మోసం చేసినవాడు ఒకసారి చేసి ఊరుకున్నాడు, ఈయన ప్రతి వానకూ మళ్లీ మోసపోతున్నాడు. పెద్దసామి పోయాడని తెలిసిన రోజు మాత్రం నాయన అమ్మ మాట వినకుండా బస్సెక్కి పోయాడు. మర్నాడు తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని వసారాలో కూర్చున్నాడు. "మొగం సల్లంగా ఉండాది" అన్నాడు. మళ్లీ ఆయనే అన్నాడు, "ఈడ సెప్పలేకపోయినాడు పాపం, ఏం జంకో. వాళ్ల ఊరోళ్లకు మాత్రం సెప్పే ఉంటాడు. ఆ గోడకాడ మన పేరు తెలిసే ఉంటాది. ఇట్ల చిన్నప్ప అని ఒకడు మన సీసాలు తడి ఇసకలో పెట్టి కాపాడినాడు, మనకోసరం మాట పడినాడు అని." ఆ మాట అన్నాక ఆయనకు తెరిపి వచ్చింది. బతికినన్నాళ్లూ ఇక పేట మనుషుల్ని ఏమీ అడగలేదు. పోయే ముందు ఏడాది మాత్రం నన్ను పిలిచి, "ఎప్పుడన్నా ఆ దేశపోళ్లు కనపడితే అడుగు పాపా, మన సంగతి ఏమనుకుంటారో" అన్నాడు. సరే అన్నాను. ఆ మాట ఇన్నేళ్లు నా దగ్గరే ఉండిపోయింది.

అందుకే మొన్న ఫ్రాన్సాయన వస్తున్నాడంటే అమ్మ బొడ్డుసీసాను బియ్యపు డబ్బా వెనకనుంచి తీసి తోమి పెట్టుకున్నాను. చెప్పొద్దూ, రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. ఆయన ముందు తన ఫోన్‌లో తోట చూపించాడు. గోడ ఉంది, గేటు ఉంది, తూర్పు వాలూ ఉంది. తీగలు మాత్రం మోకాలెత్తు మోడులు, ఇనుపతీగె కట్టిన సాళ్లలో, పత్తిచేను మాదిరి. పందిరి లేదు. సవరమ్మ నిలబడటానికి జానెడు నీడ లేదు. మంచిమనిషే, కళ్లలో నెమ్మది ఉంది, మాట్లాడుతూ మాట్లాడుతూ నా చెయ్యి తాకేవాడు. పెద్దసామి పోలిక ముక్కు దగ్గర తెలుస్తోంది. చిన్న ఫాదర్ మా ఇంట్లో గ్లాసులు వెతికి తెచ్చాడు. సీసా మూత తీయగానే ఆ ఇసుక గది వాసన మా హాల్లోకి వచ్చింది, అదే తీపో పులుపో తేలని వాసన.

"మా నాయన సంగతి అడుగు" అని చిన్న ఫాదర్‌తో అనబోతుండగానే ఫ్రాన్సాయన తనంతట తానే మొదలుపెట్టాడు, నవ్వుకుంటూ. చిన్న ఫాదర్ కూడా నవ్వి తెలుగు చేశాడు. "వాళ్లింట్లో ఒక మాట ఉందంట అమ్మా. పెద్దసామి రాస్తా ఉండేవాడంట, ఈడ ఒక ఉపదేశి ఉండేవాడని, వీళ్ల ద్రాక్షారసం మీద మహా ప్రేమంట వాడికి, సీసాలు దొంగిలించి తాగి, అమ్మి, జైలుకు కూడా పోయినాడంట. అప్పటినుంచీ వాళ్లింట్లో సీసా ఎప్పుడు తొందరగా ఖాళీ అయినా, 'ఉపదేశి వచ్చిపోయినాడు' అంటారంట. పిల్లలు కూడా అంటారంట." ఫ్రాన్సాయన నా ముఖంలోకి చూస్తున్నాడు, నేనూ నవ్వుతానని. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, బల్ల అంచు పట్టుకున్నాను. నాయన తన పేరు భద్రంగా ఉందనుకున్న ఒకే ఒక చోట, ఆ గోడ దగ్గర, మూడు తరాలుగా ఆయన్ను తలచుకుని నవ్వుతున్నారు. అమ్మ కంచె చేను మేసిందంది. మేసి ఊరుకోలేదమ్మా, చేనే తనను మేసిందని ఊరంతా చెప్పింది.

నేను చెప్పాను. ఆ ఉపదేశి చిన్నప్ప, ఆయన మా నాయన అని. ఇసుక సంగతి, మునక్కాయల బుట్ట, వానల తర్వాత చెబుతానన్న మాట, వసారాలో అన్న మాట, చెంపదెబ్బ, అలిపిరి దారి పూలతోట. ఆ రసం ఆయన చచ్చేదాకా ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదని చెప్పాను. అమ్మ సీసా తెచ్చి కొత్త సీసా పక్కన పెట్టాను. చాలాసేపు పట్టింది. చిన్న ఫాదర్ ముఖం తెల్లబోయి వింటున్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి మాట్లాడాడు. రెండు మూడు ముక్కలు, అంతే. ఫ్రాన్సాయన ముఖం విప్పారింది. అమ్మ సీసాను చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకుని, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నాకు భాష రాకపోవచ్చు, ముఖాలు చదవడం వచ్చు. ఆ ఉపదేశి దొంగ కాదని తెలిసినవాడి ముఖం అట్లా ఉండదు. "నేను సెప్పిందంతా సెప్పినావా?" అని అడిగాను. చిన్న ఫాదర్ నేల వైపు చూశాడు. "మీ నాయన సామి దగ్గర నమ్మకంగా పనిచేసినాడని సెప్పినానమ్మా. ఈ పెద్దాయన గుండె ఆపరేషన్ చేయించుకోని వచ్చినాడు. మన ఆసుపత్రికి కొత్త వార్డు కట్టిస్తానని నిన్ననే మాటిచ్చినాడు. అయిపోయిందానికి ఇప్పుడు నొప్పించడం ఎందుకు చెప్పండి? అది కూడా దేవుడి పనే గదా." ఆ మాట నేను ఇంతకుముందే ఒక చల్లని గదిలో విన్నాను.

ఫ్రాన్సాయన గ్లాసుల్లోకి వంచి ఒకటి నా చేతికి ఇవ్వబోయాడు. నేరేడుపండు తోలు రంగు. "వద్దను. మా నాయన తాగంది నేను తాగనని సెప్పు. ఈ ఒక్క మాటన్నా ఉన్నదున్నట్టు సెప్పు" అన్నాను. చిన్న ఫాదర్ ఏదో అన్నాడు. దాంట్లో డాక్టర్ అనే మాట నాక్కూడా వినిపించింది. ఫ్రాన్సాయన అయ్యో అన్నట్టు తల ఊపి, నాకోసం పోసిన గ్లాసును అమ్మ పాత సీసా ముందు పెట్టి, దాని వైపు కన్ను గీటి ఒక మాట అన్నాడు. చిన్న ఫాదర్ ఆలోచించుకోకుండానే నా వైపు తిరిగి, "పోనీలెండి, మీ వంతు ఉపదేశి వచ్చి తాగుతాడులే అంటా ఉండాడమ్మా" అన్నాడు. నేను నాయన సంగతి చెప్పినప్పటినుంచీ ఆ పిల్లవాడు ఒక్క ముక్క వదలకుండా చేరవేసిన మాట అదొక్కటే.